పరాయి ఇంట పిల్లి: పరిశుభ్రత, అమానతు

వేసవి సెలవులు వచ్చినా, షవ్వాల్ మాసంలో నికాహ్‌లు మొదలైనా, ఉమ్రా ప్రయాణానికి టిక్కెట్లు చేతికందినా మా మదరసాకు ఒక ప్రశ్న తప్పక వస్తుంది. "మౌల్వీ సాబ్, ఇంట్లో పిల్లి ఉంది. దాన్ని ఎవరి ఇంట వదిలి వెళ్ళాలి?" మరికొన్నాళ్ళకు ఇంకొక ఇంటి నుండి వేరొక ప్రశ్న వస్తుంది. "మా వద్ద వదిలి వెళ్ళిన పిల్లి పరుపు మీద మూత్రం పోసింది. ఆ పరుపు పాక్ అవుతుందా? ఆ గదిలో నమాజు చేయవచ్చా?" మొదటి ప్రశ్న ప్రయాణం గురించి, రెండవది తహారత్ గురించి అన్నట్టు కనిపిస్తాయి. మా దృష్టిలో రెండూ ఒకే ప్రశ్న. మొదటిదానికి సరైన జవాబు దొరికిన ఇంట్లో రెండవ ప్రశ్న చాలావరకు పుట్టదు.

హైదరాబాదు, బెంగుళూరు వంటి మహానగరాలలో పెంపుడు జంతువులకు రోజుకింత అని రుసుము తీసుకొని బస ఇచ్చే స్థలాలున్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మన కుటుంబాలలో పిల్లి బస అంటే ఎక్కువగా ఖాలా ఇల్లో, పక్కింటివారి గదో, మిద్దె మీద అద్దెకున్నవారి వరండానో అవుతుంది. హజ్ కమిటీ ద్వారా వెళ్ళే యాత్ర సుమారు నలభై రోజులు సాగుతుంది. 2023లో విజయవాడ కూడా హాజీలు బయలుదేరే కేంద్రమైంది గాని, ప్రయాణం కొంత దగ్గరైనంత మాత్రాన ఆ నలభై రోజులు తగ్గవు కదా. అన్ని రోజులు ఒక మూగజీవి పరాయి ఇంట గడపాలి. రుసుము చెల్లించే బస అయినా, బంధువుల ఇల్లు అయినా పిల్లికి ఎదురయ్యే కష్టం ఒక్కటే. మలమూత్రాలకు తనకు తెలిసిన చోటు అక్కడ ఉండదు.

ఇసుక కోరే జీవి

పిల్లి ఎందుకు ఇలా ప్రవర్తిస్తుందో తెలిస్తే సగం కోపం చల్లారుతుంది. ఇంటి పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ఎడారి ప్రాంతాల అడవిపిల్లి. నీరు అరుదైన చోట బ్రతికిన జాతి కావున దాని మూత్రపిండాలు నీటిని బాగా పొదుపు చేస్తాయి, మూత్రం చిక్కగా వస్తుంది. ఆ ఘాటు వాసనకు ఇదొక ముఖ్య కారణం. మెత్తని ఇసుకలో గుంట తీసి, పని ముగించి, కప్పిపెట్టడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరూ నేర్పనక్కర లేదు. కాని ఆ ఇసుక ఎక్కడ ఉందో దానికి తెలియాలి, అక్కడికి భయం లేకుండా వెళ్ళగలగాలి.

పూర్వం విదేశాలలోనూ ఇసుక, బూడిదలే వాడేవారు. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారిని పొరుగింటావిడ పిల్లి కోసం కొంత ఇసుక అడిగితే, ఆయన నూనె మరకలు పీల్చడానికి కర్మాగారాలకు అమ్మే బంకమట్టి గుళికలు ఇచ్చాడు. నేడు దుకాణాలలో సంచులలో అమ్మే 'క్యాట్ లిట్టర్' వ్యాపారానికి అదే ఆరంభం. తడి తగలగానే ముద్దకట్టే రకం బెంటొనైట్ అనే మట్టితో చేసినది. ఈ మట్టి మన దేశంలో గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాలలో విస్తారంగా దొరుకుతుంది. కొనగల స్తోమత ఉన్నవారు కొనవచ్చు. పెన్నా ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లికి జల్లించిన సన్నని ఇసుక ఏమాత్రం తక్కువ కాదని మా అభిప్రాయం.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన ఇళ్ళలోని పిల్లులు చాలావరకు సగం ఇంటివి, సగం వీధివి. పాలు, ఎముకలు ఇంట్లో. మలమూత్రాలు పెరట్లోనో, పక్కన కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలోనో. దాని జీవితంలో అది తొట్టె అన్నదే చూసి ఉండదు. అటువంటి పిల్లిని ఒక్కసారిగా తీసుకుపోయి పులివెందులలో బంధువుల ఇంట నాలుగు గోడల మధ్య మూసి ఉంచితే అది ఏం చేయాలి? ఆ గదిలో గుంట తీయడానికి అనువైన మెత్తని వస్తువు పరుపు ఒక్కటే. లేదా మడిచి పెట్టిన బొంత. లేదా, అల్లాహ్ కాపాడుగాక, జానిమాజ్. అది పగతో చేసిందని, మన మీద కోపం తీర్చుకుందని అంటారు. పిల్లికి ఆ ఆలోచన లేదు, మెత్తదనం వెదుక్కుంది, అంతే.

తొట్టె అలవాటున్న పిల్లి కూడా కొత్త చోట తొట్టెను విడిచిపెట్టవచ్చు. మూలంలో ఉండేది భయం. కొత్త మనుషులు, కొత్త వాసనలు, అక్కడ మునుపే ఉన్న మరొక పిల్లి, తొట్టె చుట్టూ చేరి వేడుక చూసే పిల్లలు. తొట్టెను మురికిగా వదిలితే వెళ్ళదు. తిండి గిన్నె పక్కనే పెడితే వెళ్ళదు; తినే చోట విసర్జించడం దానికి ఇష్టం ఉండదు. మోటారు శబ్దం చేసే చోట, వాషింగ్ మెషిన్ పక్కన పెడితే ఒకసారి బెదిరి మళ్ళీ ఆ దరికి రాదు. ఇల్లు వాసన రాకూడదని తొట్టెను మిద్దె మీద పెట్టేవారున్నారు. మే నెలలో మన జిల్లా ఎండలో కాలిన మిద్దె మీద మనమే చెప్పులు లేకుండా నడవలేము.

బయలుదేరే ముందు

పిల్లిని వదిలి వెళ్ళే కుటుంబం ప్రయాణానికి కనీసం రెండు మూడు వారాల ముందే పని మొదలుపెట్టాలి. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. పిల్లి ముక్కు నుండి తోక మొదలు వరకు ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు పొడవుండాలి. అంచు మరీ ఎత్తు కాకూడదు, ముసలి పిల్లికి, కూనకు ఇంకా తక్కువ ఉండాలి. రెండు మూడు అంగుళాల లోతున జల్లించిన ఇసుక పోయాలి. పిల్లి ఏ కుప్పకు అలవాటు పడిందో ఆ కుప్ప నుండే పిడికెడు తెచ్చి కలపండి. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే దాన్ని తెచ్చి ఆ ఇసుకలో నిలబెట్టండి. చాలా పిల్లులు కొద్ది రోజులలోనే గ్రహిస్తాయి.

కొందరు ఇసుకకు బదులు పాత వార్తాపత్రికలు చింపి వేస్తారు. ఉర్దూ పత్రికలలోనైనా, తెలుగు పత్రికలలోనైనా అల్లాహ్ నామం, దైవప్రవక్త (స) నామం ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండవచ్చు. కావున ఆ పద్ధతిని మేము ఒప్పుకోము. (మీ చేతిలోని ఈ మాసపత్రికకు ఆ గతి పట్టదని ఆశిస్తున్నాము.) సన్నని రంపపు పొట్టు కూడా మంచిది కాదు. ఆ ధూళి ముక్కులోకి పోయి పిల్లి తుమ్ముతుంది, ఇల్లంతా పొట్టు పరుస్తుంది.

బయలుదేరే రోజున టబ్బును కడిగి కొత్త ఇసుక పోసి ఇవ్వడం మర్యాద అని మనం అనుకుంటాము. పిల్లి విషయంలో అది తప్పు లెక్క. అదే టబ్బును, అడుగున కొంత వాడిన ఇసుకతో సహా పంపాలి. ఆ వాసనే దానికి ఇల్లు. అది పడుకొనే పాత దుప్పటిని ఉతక్కుండా తోడు పంపండి. ఉంచుకొనే ఇంటికి ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. రోజుకు ఎన్నిసార్లు వెళ్తుంది, ఏం తింటుంది, ఇంతకుముందు మూత్రంలో బాధ వచ్చిందా, ఏ వైద్యునికి చూపించారు. నలభై రోజుల ఇసుక, తిండి, వైద్యం ఖర్చు యజమానిదే. దాన్ని ముందే చేతిలో పెట్టి వెళ్ళాలి. "అయినవాళ్ళే కదా" అని ఊరుకోవడం వల్లనే తర్వాత మాటలు వస్తాయి.

ఉంచుకొనే ఇంటివారు మొదటి రెండు మూడు రోజులు పిల్లికి ఒక చిన్న గది కేటాయించగలిగితే చాలా మేలు. ఒక మూల టబ్బు, ఎదుటి మూల తిండి, నీరు. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. పరుపులు, బొంతలు, జానిమాజ్‌లు ముందే ఆ గది నుండి తీసివేయాలి. పిల్లలను గుంపుగా లోనికి పంపకూడదు. ఇసుకలోని మలాన్ని, తడిసిన ముద్దను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయాలి. రెండు పిల్లులుంటే మూడు టబ్బులు ఉంచాలని పశువైద్యులు చెబుతారు. మన ఇళ్ళ వైశాల్యానికి అది బరువే. కనీసం రెండు, అవీ పక్కపక్కన కాక రెండు చోట్ల ఉండాలి. అతిథి కదా అని గిన్నె నిండా పాలు పోసేవారు ఎక్కువ. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటే టబ్బు దాకా పోలేక దారిలోనే పాడు చేస్తుంది. ఉల్లిపాయ పడిన సాలనం, బిర్యానీ ఎంగిలి కూడా పెట్టవద్దు. ఉల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తుంది.

తప్పు చేసిన చోటికి ఈడ్చుకెళ్ళి దాని ముక్కును మూత్రంలో అదిమే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. దానివల్ల పిల్లి నేర్చుకొనేది మనిషిని చూసి భయపడటం ఒక్కటే. భయం పెరిగితే ఈ బాధ మరింత పెరుగుతుంది.

ఒక ఇంటి తగవు

కొన్నేళ్ళ క్రితం రెండు కుటుంబాలవారు కలిసి మా వద్దకు వచ్చారు. ఒకరిది ప్రొద్దుటూరు, ఒకరిది పులివెందుల. వరుసకు అక్కచెల్లెళ్ళ ఇళ్ళు. అక్కగారు ఉమ్రాకు వెళుతూ పిల్లిని చెల్లెలి ఇంట వదిలారు. టబ్బు లేదు, ఇసుక లేదు. "అదేమీ చేయదు, బయటికి వెళ్ళి వస్తుంది" అని ఒక్క మాట చెప్పి వెళ్ళారు. కొత్త ఊరిలో బయటికి వదిలితే పారిపోతుందని చెల్లెలి ఇంటివారు దాన్ని లోపలే ఉంచారు. మూడవ రోజు అది జానిమాజ్ మీద, కొత్త కోడలి పరుపు మీద మూత్రం పోసింది. స్నానాల గదిలో కట్టివేశారు. రాత్రంతా అరిచింది. మరునాడు ఇంటి యజమాని దాన్ని సంచిలో పెట్టి ఊరి వెలుపల అరటి తోటల వైపు వదిలివచ్చాడు. ఉమ్రా నుండి వచ్చిన అక్కగారి చిన్న కూతురు తిండి మానివేసింది. రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. "ఒక పిల్లి కోసం ఇంత రాద్ధాంతమా?" అని చెల్లెలి భర్త మమ్మల్ని అడిగాడు.

ఒక పిల్లి కోసమే ఒక స్త్రీ నరక శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లిములోనూ ఉంది. ఆమె దాన్ని బంధించింది. తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బ్రతకడానికి విడిచిపెట్టనూ లేదు. ఈ హదీసును మనం పిల్లలకు కథలా చెప్పి ఊరుకుంటాము. మూసిన గదిలో పరాయి పిల్లి ఉన్న ఇంట్లో ఇది చట్టమంత బరువైన మాట.

ధర్మశాస్త్రం ప్రకారం ఆ ఇంట వదిలిన పిల్లి అమానతు. ఉంచుకొన్నవారు తగిన జాగ్రత్త తీసుకున్నప్పటికీ అది చనిపోతే, తప్పిపోతే వారిపై నష్టపరిహారం లేదు. నిర్లక్ష్యం చేసినా, బుద్ధిపూర్వకంగా హద్దు మీరినా బాధ్యత వారిదే. రుసుము పుచ్చుకొని ఉంచుకొనేవారి బాధ్యత మరింత గట్టిది. తోట దగ్గర వదిలివేయడం హద్దు మీరడమే అని ఆయనతో మేము స్పష్టంగా చెప్పాము. పెంపుడు జంతువును సరైన కారణం లేకుండా దిక్కులేని స్థితిలో విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే. అయితే అక్కగారితో కూడా ఒక మాట అన్నాము. అమానతు అప్పగించేవాడు ఆ వస్తువు స్వభావాన్ని దాచి అప్పగించకూడదు. తొట్టె ఎరుగని పిల్లిని, తొట్టె ఇవ్వకుండా, "ఏమీ చేయదు" అని చెప్పి వదిలితే పాడైన పరుపు భారం ఎవరి మెడకు చుట్టుకోవాలి? ఆమె పరుపు వెల ఇవ్వడానికి ఒప్పుకున్నది. ఆయన మూడు సాయంత్రాలు తోటల వెంట తిరిగి వెదికాడు. రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి గాని పిల్లి దొరకలేదు.

ఎంగిలి వేరు, మూత్రం వేరు

రెండు రకాల పొరపాట్లు మన ఇళ్ళలో ఉన్నాయి. పిల్లి తాకితేనే బట్టలు నజిస్ అని భావించేవారు కొందరు. "పిల్లి పాక్ జంతువు, దాని మూత్రానికి పట్టింపు లేదు" అనేవారు మరికొందరు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీటిని పిల్లి తాగడానికి పాత్ర వంచి పట్టారు. ఆశ్చర్యంగా చూసిన కోడలు కబ్షాకు, పిల్లి నజిస్ కాదని, అది మన మధ్య తిరుగాడే జీవి అని దైవప్రవక్త (స) చెప్పినట్లు వివరించారు. ఇది దాని నోటి నీరు, ఎంగిలి గురించిన మాట. హనఫీ మస్లక్‌లో వేరే నీరు ఉన్నప్పుడు ఆ ఎంగిలి నీటితో వుజూ చేయడం స్వల్ప మక్రూహ్ అన్నారు, నజిస్ అనలేదు. మూత్రం మాత్రం నజిస్. ద్రవ రూపంలోని ఆ మాలిన్యం అరచేతి గుంట కంటే ఎక్కువ మేర బట్టకు అంటితే ఆ బట్టతో నమాజు చెల్లదు.

బట్టను మూడుసార్లు ఉతికి, ప్రతిసారి గట్టిగా పిండాలి. పరుపు, బొంత వంటి పిండలేని వస్తువు అయితే నీరు పోసి, చుక్కలు కారడం ఆగేవరకు వేచి, మళ్ళీ పోయాలి. ఇలా మూడుసార్లు. ఎంత ప్రయత్నించినా వదలని మరక, లేశమంత వాసన మిగిలితే దోషం లేదు. ఇవన్నీ చేయడానికి వీలులేని పరుపు మీద పాక్ బట్ట పరచి వాడుకోవచ్చు. నేల విషయం ఇంకా సులభం. తడి ఆరి, వాసన, జాడ పోతే ఆ నేల మీద నమాజు చేయవచ్చు. తయమ్ముమ్‌కు మాత్రం పనికిరాదు. నేలలో పరచి స్థిరంగా ఉన్న బండ కూడా నేల లెక్కలోకే వస్తుంది.

ఇక బండల మాట. భూగర్భ శాస్త్రవేత్తలు 'నార్జి సున్నపురాయి' అని పిలిచే రాయి మన జిల్లాలోని నార్జి గ్రామం పేరు మీదనే ప్రసిద్ధమైంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల ఇళ్ళలో పరచేది ఎక్కువగా ఈ జాతి బండలే. సున్నపురాయికి ఆమ్లం పడదు. వాసన పోవాలని టాయిలెట్ యాసిడ్ పోస్తే బండ పొంగి, గరుకై, మునుపటి కంటే ఎక్కువగా మూత్రాన్ని పీల్చుకుంటుంది. బ్లీచింగ్ పౌడరును మూత్రం మీద చల్లితే కళ్ళు మండే విషవాయువు పుడుతుంది. నల్ల ఫినాయిలు పిల్లికి విషం. తడి నేల మీద నడిచి, పాదాలు నాకి, అది జబ్బు పడుతుంది. ముందు పాత గుడ్డతో మూత్రాన్ని అద్ది తీసివేసి, నీటితో, బట్టల సబ్బు పొడితో కడిగి, బండల సందులను బ్రష్షుతో రుద్ది, మళ్ళీ మంచినీటితో కడగాలి. వాసన మిగిలితే పిల్లి అదే చోటికి తిరిగి వస్తుంది. మన ముక్కుకు తెలియని వాసన దాని ముక్కుకు తెలుస్తుంది. వస్త్రాలకు మన ఎండను మించిన మందు లేదు.

గర్భిణులు ఈ పని చేయకూడదు. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంటుంది, కడుపులోని బిడ్డకు అది హాని చేయగలదు. విసర్జించిన ఒకటి నుండి ఐదు రోజుల తర్వాతనే అది అంటుకొనే స్థితికి వస్తుంది, కావున ఏ రోజు మలం ఆ రోజే తీసివేసే ఇంట్లో భయం చాలా తక్కువ. తీసినదాన్ని కూరగాయల పాదులలో వేయవద్దు, కాలువలో పారవేయవద్దు. సంచిలో కట్టి చెత్తకు ఇవ్వాలి, లేదా లోతుగా పూడ్చాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గోడలకు, తలుపులకు నిలబడి చిమ్మే మగపిల్లిది వేరే సంగతి. అది తన హద్దు గుర్తు పెట్టుకోవడం. ఎక్కువ మగపిల్లులలో వృషణాలు తీయించే శస్త్రచికిత్సతో ఇది తగ్గుతుంది. ప్రయోజనం ఉన్నప్పుడు, లేక హాని తప్పించడానికి పిల్లికి ఇలా చేయించడంలో దోషం లేదని ఫతావా ఆలమ్‌గీరీలో ఉంది.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. మగపిల్లి పదే పదే టబ్బులోకి వెళ్ళి, ముక్కి, అరిచి, చుక్కయినా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. రెండు మూడు రోజులలో ప్రాణం పోతుంది. దాన్ని మలబద్ధకం అనుకొని ఆముదం పట్టించేవారున్నారు. అలా చేయక, ఆ పూటే పశువైద్యునికి చూపించాలి. 2008 నుండి ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది, కావున ఈ మూడు ఊళ్ళవారు తిరుపతి దాకా పోనక్కర లేదు. నొప్పి తగ్గాలని మనుషులు వేసుకొనే పారాసిటమాల్ బిళ్ళ అసలే ఇవ్వకూడదు, సగం బిళ్ళ అయినా పిల్లిని చంపగలదు. కొత్త చోటుకు వచ్చిన పిల్లి మొదటి రోజు బెదిరి మూత్రం ఆపుకోవడం ఉంటుంది. ఆ ఒక్క రోజు దాటినా పోయకపోతే, రెండు రోజులు దాటినా తినకపోతే యజమానికి ఫోను చేసి చెప్పండి. మక్కాలో ఉన్నవారి ఇబాదత్‌కు భంగం కలుగుతుందని దాచవద్దు.

యాత్ర ముగించి వచ్చినవారు జమ్‌జమ్ నీరు, ఖర్జూరాలు తీసుకొని ఆ ఇంటికి వెళతారు కదా. వెళ్ళినప్పుడు పిల్లి ఉన్న గదిని ఒకసారి మీరే చూడండి. టబ్బును మీరే కడగండి. పాడైన బొంత ఉందా అని అడిగితే వారు మొహమాటంతో లేదంటారు; దండెం మీద చూస్తే తెలుస్తుంది.